‘60’ అన్న మాట ఎలా వినబడింది: బరువు తగ్గించే శస్త్రచికిత్సకు ముందు ఒక కౌన్సెలింగ్ కేసు

చెన్నైలో ఒక బేరియాట్రిక్ (బరువు తగ్గించే శస్త్రచికిత్స) బృందంలో నేను డైటీషియన్‌ని. నెల్లూరు, తిరుపతి, చిత్తూరు వైపుల నుంచి వచ్చే తెలుగువాళ్ల కౌన్సెలింగ్ ఎక్కువగా నాకే వస్తుంది, ఎందుకంటే బృందంలో తెలుగు బాగా మాట్లాడేవాళ్లం ఇద్దరమే. ఈ కేసులో ఆపరేషన్ ఏ ఇబ్బందీ లేకుండా జరిగింది. నేను రాయాలనుకున్నది ఆపరేషన్ గురించి కాదు. తేదీ ఖాయమై, డబ్బు కట్టి, రెండు రోజుల్లో థియేటర్‌కు వెళ్లాల్సిన మనిషిని మేము ఆపవలసి వచ్చింది. అందుకు దారితీసిన పొరపాటులో పెద్ద భాగం నాది. ఆవిడ అనుమతి తీసుకునే రాస్తున్నాను. వయసు, ఊరు, కుటుంబ వివరాలు కొన్ని మార్చాను కానీ నిర్ణయాలకు ఆధారమైన అంకెలను మార్చలేదు.

నేపథ్యం

ఆవిడ నలభైల చివర్లో ఉన్న గృహిణి. నెల్లూరు వైపు నుంచి తెల్లవారుజామున రైలెక్కి, సెంట్రల్‌లో దిగి, భర్తతో కలిసి మా ఓపీకి వచ్చారు. ఎత్తు 156 సెంటీమీటర్లు, బరువు 118 కిలోలు, బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువును చూపే కొలత) 48.5. షుగర్ వచ్చి 11 ఏళ్లు, ఇన్సులిన్ మొదలై 4 ఏళ్లు. రోజుకు 52 యూనిట్లు వేసుకుంటున్నా హెచ్‌బీఏ1సీ (సుమారు మూడు నెలల సగటు షుగర్‌ను చూపే పరీక్ష) 9.4 ఉంది. నిద్రలో ఊపిరి ఆగే స్లీప్ ఆప్నియా ఉందని తేలి, మాస్కు ద్వారా గాలి పంపి శ్వాస ఆగకుండా చూసే సీప్యాప్ మెషిన్ కొన్నారు కానీ అది అటక మీదే ఉంది. రెండు మోకాళ్లూ అరిగాయి. రాత్రిపూట ఛాతీలో మంట, పులితేన్పులు ఉండేవి.

ఆపరేషన్‌కు ఆవిడ అర్హురాలా అన్న ప్రశ్నే లేదు. 1991 నాటి పాత అమెరికన్ ప్రమాణం ప్రకారం బీఎంఐ 40 దాటితే చాలు. 2022లో సవరించిన అంతర్జాతీయ మార్గదర్శకాలు దాన్ని 35కు దించి, ఆసియావాసుల విషయంలో 27.5 నుంచే ఆలోచించవచ్చని చెప్పాయి. ఏ లెక్కన చూసినా ఆవిడ లోపలే ఉన్నారు. ఎదురింటావిడ స్లీవ్ (కడుపులో ఎక్కువ భాగం తీసేసి సన్నటి గొట్టంలా చేసే ఆపరేషన్) చేయించుకున్నారు కాబట్టి తనకూ అదే కావాలన్నారు. అయితే ఎండోస్కోపీలో అన్నవాహిక కింది భాగం ఒరిసి ఉండటం, చిన్న హయటస్ హెర్నియా (కడుపు పైభాగం ఛాతీలోకి జారడం) కనిపించాయి. స్లీవ్ తర్వాత మంట పెరిగే అవకాశం ఉంది కనుక సర్జన్ గ్యాస్ట్రిక్ బైపాస్ (కడుపును చిన్న సంచిలా చేసి నేరుగా పేగుకు కలపడం) సూచించారు. షుగర్ ఇంత పాతదైనప్పుడు కూడా బైపాస్ వైపే మొగ్గు ఉంటుంది. ఇందులో చర్చకు పెద్దగా తావు లేకపోయింది.

ఆవిడ ఏం కోరి వచ్చారు

మొదటి రోజు నా కేస్ షీట్‌లో రాసుకున్నది ఇది: “బరువు తగ్గాలి, షుగర్ పోవాలి, మోకాళ్లు బాగవాలి, ఏడు నెలల్లో చిన్నమ్మాయి పెళ్లి.” ఆ నాలుగింటినీ ఒకే వాక్యంలో రాసేశాను. అవి నాలుగు వేరువేరు ఆశలని, ఒక్కొక్కదాని భవితవ్యం వేరని అప్పుడు విడదీయలేదు.

మేము మొదట చేసింది

గంటసేపు కూర్చోబెట్టి చెప్పాను. కడుపును చిన్న సంచిలా ఎలా చేస్తారో, పేగును ఎక్కడ కలుపుతారో బొమ్మ గీసి చూపాను. మొదటి రెండు వారాలు ద్రవాలు, తర్వాత మెత్తటి ఆహారం, రోజుకు కనీసం 60 గ్రాముల ప్రొటీన్, జీవితాంతం బి12, ఐరన్, కాల్షియం, విటమిన్ డి మాత్రలు, ఏటేటా రక్త పరీక్షలు, తీపి ఎక్కువ తింటే గుండెదడ, చెమటలు, విరేచనాలు, అన్నీ చెప్పాను. “అదనపు బరువులో 60 శాతం దాకా తగ్గుతుంది” అన్నాను. ప్రతి మాటకూ ఆవిడ “సరేనమ్మా, సరేనమ్మా” అన్నారు. భర్త కూడా తలూపారు. సమ్మతి పత్రం మా దగ్గర అప్పట్లో ఇంగ్లీషులో, తమిళంలో మాత్రమే ఉండేది. నేను చదివి తెలుగులో చెప్పాను, ఆవిడ తెలుగులో సంతకం చేశారు. సైకాలజిస్ట్ కూడా చూశారు. డిప్రెషన్ లేదు, అదుపు తప్పి తినే జబ్బు లేదు, మద్యం అలవాటు లేదు. ఫైలు మీద ‘సిద్ధం’ అని రాశాం.

పెద్దవాళ్ల ముందు, డాక్టర్ల ముందు మన ఆడవాళ్లు అనే “సరే”లో మర్యాద ఎంత, అర్థమైందన్న ఒప్పుకోలు ఎంత అన్నది విడదీసి చూడాలని నాకు తెలియనిది కాదు. నేనూ అలాంటి ఇంట్లోనే పెరిగాను. అయినా ఆ రోజు ఆ పని చేయలేదు.

ఎక్కడ బయటపడింది

ఆపరేషన్‌కు రెండు రోజుల ముందు మత్తు డాక్టర్ పరీక్ష జరుగుతుండగా ఆవిడ ఒక ప్రశ్న అడిగారు. ఇంట్లో ఫ్రిజ్‌లో వాడని ఇన్సులిన్ పెన్నులు మూడు మిగిలాయి, ఎవరికైనా ఇచ్చేయవచ్చా అని. ఆయన నన్ను పిలిపించారు. నేను వెళ్లి పక్కన కూర్చుని, “ఆపరేషన్ అయ్యాక ఏమవుతుందో మీరే ఒకసారి మీ మాటల్లో చెప్పండమ్మా” అన్నాను. ఈ మాట మొదటి రోజే అడగాల్సింది.

ఆవిడ చెప్పింది ఇది: “ఆపరేషన్ అయిన మర్నాటి నుంచి ఇన్సులిన్ అక్కర్లేదు. పెళ్లినాటికి 60కి వస్తాను. మీరే చెప్పారు కదమ్మా, 60 అని. ఒక ఏడాది జాగ్రత్తగా ఉంటే తర్వాత మామూలుగా తినొచ్చు.”

60 అన్నది నేనే. ఏ 60 అన్నది మాత్రం ఆవిడకు చేరలేదు. 156 సెంటీమీటర్ల మనిషికి బీఎంఐ 25 దగ్గర బరువు సుమారు 61 కిలోలు. 118లోంచి 61 తీసేస్తే 57 కిలోలు మా భాషలో ‘అదనపు బరువు’. అందులో 60 శాతం అంటే 34 కిలోలు. అంటే ఆవిడ చేరగలిగింది 84 దగ్గరికి. బీఎంఐ 23ను ఆదర్శంగా పెట్టుకుంటే అదే 60 శాతానికి మరో మూడు కిలోలు ఎక్కువ తగ్గాలి. మాట ఒకటే, శాతం ఒకటే, లెక్క మాత్రం వేరు. వైద్య పత్రికల్లో ఒకరి ఫలితాలను ఇంకొకరితో పోల్చుకోవడానికి ఈ ‘అదనపు బరువు శాతం’ పనికొస్తుందేమో కానీ, ఎదురుగా కూర్చున్న మనిషికి చెప్పదగిన కొలత కాదు. ఆవిడకు పెళ్లయిన కొత్తలో తన బరువు 60 అని గుర్తు. నా నోటి నుంచి 60 రాగానే రెండూ అతుక్కుపోయాయి.

తేదీ రద్దు చేయాలా వద్దా

బృందంలో అభిప్రాయభేదం వచ్చింది, దాన్ని దాచకుండా రాస్తాను. సర్జన్ వాదన తేలిగ్గా కొట్టిపారేయదగింది కాదు. ఆపరేషన్ వైద్యపరంగా అవసరం. ఆలస్యమైన ప్రతి నెలా షుగర్ కళ్లకు, కిడ్నీలకు హాని చేస్తుంది. ఎక్కువ ఆశించినవాళ్లు తక్కువ తగ్గుతారని పరిశోధనలు గట్టిగా తేల్చలేదు కూడా. ఆశ ఎక్కువైందని మంచి వైద్యాన్ని ఆపడమేమిటని ఆయన అడిగారు.

నా జవాబులో రెండు భాగాలున్నాయి. మొదటిది సమ్మతి. ఇన్సులిన్ మర్నాడే పోతుంది, ఏడాది తర్వాత మామూలుగా తినొచ్చు అనుకున్న మనిషి ఒప్పుకున్నది మేము చేయబోయే ఆపరేషన్‌కు కాదు, వేరే ఏదో ఆపరేషన్‌కు. రెండోది ఆ తర్వాతి కథ. ఆశ భంగమైనవాళ్లు కిలోల లెక్కలో వెనకబడతారో లేదో కానీ, మా దగ్గరికి రావడం మానేస్తారు. సిగ్గుపడి మానేస్తారు, మోసపోయామని మానేస్తారు. బైపాస్ చేయించుకున్న మనిషి రావడం మానేస్తే బి12, ఐరన్ తగ్గిపోతున్నా పట్టుకునేవారుండరు. 84 కిలోల దగ్గర ఆగిన మనిషి “నా ఆపరేషన్ ఫెయిలైంది” అనుకుని మాత్రలు కూడా మానేయడం నేను అంతకుముందు చూశాను.

గుండె బలహీనంగా ఉండి, రోజులు గడిస్తే ప్రాణానికే ముప్పన్న పరిస్థితి అయితే నేనూ ఆగమని అనేదాన్ని కాదు. ఇక్కడ ఆ తొందర లేదు. తేదీ రద్దయింది. భర్తకు చాలా కోపం వచ్చింది. కొట్టు మూసుకుని, బంధువులకు చెప్పుకుని వచ్చిన మనిషి. ఆయన కోపం న్యాయమైనదే. క్షమాపణ నేనే చెప్పాను, తప్పు ఆవిడది కాదని కూడా ఆయన ముందే చెప్పాను.

రెండో ప్రయత్నం, అదీ విఫలమే

శాతాలు వదిలేసి కిలోల్లో చెప్పాను. 118 నుంచి ఏడాదిన్నరలో 82-90 మధ్యకు వస్తారని, తర్వాతి ఏళ్లలో కొంత తిరిగి పెరగడం మామూలేనని కాగితం మీద గీత గీసి చూపాను. ఫిన్లాండ్‌లో 240 మందిపై జరిగిన స్లీవ్‌పాస్ అధ్యయనంలో ఐదేళ్లకు అదనపు బరువులో తగ్గింది సగటున స్లీవ్‌తో 49 శాతం, బైపాస్‌తో 57 శాతం. స్వీడన్‌లో 1987లో మొదలైన ఎస్‌ఓఎస్ అధ్యయనంలో బైపాస్ చేయించుకున్నవాళ్లు మొదటి రెండేళ్లలో మొత్తం బరువులో 32 శాతం దాకా తగ్గి, పదేళ్లకు 25 శాతం దగ్గర నిలిచారు. నా గీత అలాంటి అంకెల మీద ఆధారపడింది.

ఈసారి ఆవిడకు స్పష్టంగా అర్థమైంది. అయినా నమ్మలేదు. “అందరికీ అంతేనేమోనమ్మా. నేను నోరు కట్టుకుంటాను. నాకు ఇంకా తగ్గుతుంది” అన్నారు.

ఆ మాట దగ్గర నేను చాలాసేపు ఆగాను. సగటు అన్నది నోరు కట్టుకోలేనివాళ్ల లెక్క అని, తన పట్టుదల తనను ఆ లెక్కకు బయట నిలబెడుతుందని ఆవిడ నమ్మకం. ఉపవాసాలూ వ్రతాలూ ఎన్నో చేసిన మనిషికి అలా అనిపించడంలో వింత లేదు. అది తెలియనితనం కాదు కాబట్టి ఇంకో నాలుగు అంకెలు చెబితే పోయేదీ కాదు. పైగా ఆ వారమే మా సపోర్ట్ గ్రూప్ సమావేశంలో 55 కిలోలు తగ్గినాయన ఒకరు పాత ప్యాంటు పట్టుకుని మాట్లాడారు. ఆవిడ ముఖం వెలిగిపోయింది. నా గీత ఆ ప్యాంటు ముందు నిలవలేదు.

ఏది పనిచేసింది

1997లో అమెరికాలో ఫాస్టర్ బృందం ప్రచురించిన ఒక అధ్యయనంలో, ఆపరేషన్ లేకుండా బరువు తగ్గే కార్యక్రమంలో చేరిన 60 మంది మహిళలను నాలుగు బరువులు చెప్పమన్నారు: కలల బరువు, సంతోషపెట్టే బరువు, సర్దుకోగల బరువు, నిరాశపరిచే బరువు. కార్యక్రమం ముగిసేసరికి దాదాపు సగం మంది ఆ ‘నిరాశ’ బరువుకు కూడా చేరలేదు. ఆ నాలుగు ప్రశ్నలనే ఆవిడను అడిగాను, ఆవిడ చేతే నోట్‌బుక్‌లో రాయించాను. 60, 65, 70, 75 అని రాశారు. మేము మంచి ఫలితమనుకునే 84, ఆవిడ నిరాశకు కూడా తొమ్మిది కిలోల అవతల ఉంది.

అప్పుడు అడిగాను: “75 దగ్గర ఆగిపోతే ఏం చేయలేకపోతారమ్మా?”

చాలాసేపటికి చెప్పారు. పెద్దమ్మాయి పెళ్లిలో పీటల మీద కూర్చోలేకపోయారు. మోకాళ్లు మడవలేదు, కూర్చున్నా లేవలేరు. కన్యాదానం తోడికోడలూ మరిదీ చేశారు. తను పక్కన కుర్చీలో కూర్చుని చూశారు. “చిన్నదానికైనా నేనే కాళ్లు కడిగి ఇయ్యాల” అన్నారు. ఈ మాట భర్త కూడా మొదటిసారి వింటున్నట్టు ఆవిడ వైపు తిరిగారు.

ఆ తర్వాత పని తేలికైంది, ఎందుకంటే ఇప్పుడు సరిచూడాల్సింది అంకెను కాదు. ఫిజియోథెరపిస్ట్ కొలిస్తే కుడి మోకాలు 95 డిగ్రీలకు మించి మడవడం లేదు. కింద కాళ్లు ముడుచుకుని కూర్చోవాలంటే అంతకంటే చాలా ఎక్కువ మడవాలి. బరువు తగ్గితే నొప్పి, భారం తగ్గుతాయి, అరిగిన కీలు మాత్రం తిరిగి రాదు. అంటే 60 కిలోలకు వచ్చినా ఆవిడ నేలబారు పీట మీద కూర్చోలేరు. ఇది ఆవిడను బాధపెట్టింది. దాన్ని మెత్తగా చెప్పే ప్రయత్నం నేను చేయలేదు. అయితే అదే వారం భర్త పురోహితుడికి ఫోన్ చేసి అడిగితే, ఎత్తు పీటలు వేయించుకోవచ్చని, ఈ మధ్య చాలామంది అలాగే చేస్తున్నారని ఆయన వెంటనే చెప్పారట. పన్నెండేళ్ల బరువు పోరాటానికి వెనకున్న కోరిక ఒక వడ్రంగి పనితో తీరేదని తెలిశాక ఆవిడ ఆపరేషనే వద్దంటారేమో అని నాకు ఒక అనుమానం వచ్చింది. వద్దనలేదు. షుగర్ గురించి మొదటిసారి నిదానంగా అడగడం మొదలుపెట్టారు.

ఇన్సులిన్ గురించి అప్పుడు విడిగా మాట్లాడుకున్నాం. జబ్బు ఎంత పాతది, ఇన్సులిన్ ఎన్నాళ్లుగా వాడుతున్నారు, క్లోమంలో శక్తి ఎంత మిగిలింది అన్నదాన్ని బట్టి ఫలితం ఉంటుంది. ఎస్‌ఓఎస్‌లో ఆపరేషన్ అయిన షుగర్ రోగుల్లో రెండేళ్లకు 72 శాతం మందికి షుగర్ అదుపై మందులు లేకుండా ఉంటే, 15 ఏళ్లకు అది 30 శాతానికి దిగింది. 11 ఏళ్ల షుగర్ ఉన్న ఆవిడకు డోసు బాగా తగ్గుతుందని, పూర్తిగా పోవడం అదృష్టమనుకోవాలని చెప్పాను. పెన్నులు ఫ్రిజ్‌లోనే ఉండనిమ్మన్నాను.

ఇక ‘ఏడాది తర్వాత మామూలుగా తినడం’ మిగిలింది. దీనికి మాటలు చాలవని, రెండు వారాలు ఇంట్లో రిహార్సల్ చేయించాం. ఇన్సులిన్ డోసును ఎండోక్రినాలజిస్ట్ ముందే సవరించారు. చిన్న గిన్నెడే భోజనం, అరగంటసేపు నమిలి తినాలి. భోజనంతో నీళ్లు తాగకూడదు, తర్వాత అరగంటకు గుక్కగుక్కగా తాగాలి. ముందు గుడ్డో చేపో పప్పో, అన్నం చివర. నిజానికి ఆపరేషన్ తర్వాత పేగు హార్మోన్లు మారి ఆకలి తగ్గుతుంది, కాబట్టి ఈ రిహార్సల్ ఆ తర్వాతి జీవితం కంటే కష్టమైనదని, ఇది పాసో ఫెయిలో తేల్చే పరీక్ష కాదని ముందే చెప్పాను. ఆవిడ రోజూ నోట్‌బుక్‌లో రాశారు. మూడో రోజు పేజీలో ఇలా ఉంది: “అందరూ తిని చేతులు కడుక్కున్నారు. నా ఇడ్లీ సగం ఉంది. కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు.” తొమ్మిదో రోజు: “నీళ్లు తాగకుండా అన్నం దిగదు. ఇది జన్మంతానా?” పక్కన నేను “అవును” అని రాశాను. నోరు కట్టుకోవడం అంటే ఒక వ్రతంలా కొన్నాళ్లు చేసి ఉద్యాపన చేసేది కాదని ఆవిడకు తెలిసింది ఆ పేజీలోనే అనుకుంటాను, ఎందుకంటే తర్వాతి సారి వచ్చినప్పుడు నాలుగు బరువులనూ ఆవిడే కొట్టేసి తిరిగి రాశారు: 75, 82, 88, 95.

పెళ్లికి ముందా, తర్వాతా

వెంటనే చేస్తే పెళ్లి ఐదో నెలలో పడుతుంది. మూడు నుంచి ఆరో నెల మధ్య జుట్టు బాగా రాలుతుంది. నీళ్లు, ప్రొటీన్ లెక్క తప్పితే నీరసం కమ్ముతుంది. పెళ్లింట్లో నలుగురికి వడ్డించే మనిషి తన గిన్నె దగ్గర అరగంట కూర్చోగలదా? ఆ నెలల్లో చెన్నైకి ఫాలోఅప్‌కు తీసుకొచ్చే తీరిక ఎవరికీ ఉండదు. ఆగితే షుగర్ వల్ల నష్టం. దాన్ని తగ్గించడానికి సీప్యాప్‌ను అటక మీద నుంచి దింపించి, మోకాళ్ల వ్యాయామం మొదలుపెట్టించాం. ఆవిడ తర్వాతే కావాలన్నారు. సర్జన్ ఒప్పుకున్నారు. పెళ్లినాటికి ఐదు కిలోలు తగ్గి 113కు, హెచ్‌బీఏ1సీ 8.1కి వచ్చాయి. ఎత్తు పీట మీద కూర్చుని కన్యాదానం చేశారు.

పెళ్లయిన రెండు నెలలకు బైపాస్ జరిగింది. దానికి ముందు రోజు సమ్మతి పత్రాన్ని నేను చదవలేదు; ఆవిడే భర్తకు వివరించారు, నేను పక్కన కూర్చుని విన్నాను.

ఏమైంది

ఏడాదిన్నరకు 84 కిలోలు. మూడేళ్లకు 89. ఇన్సులిన్ ఆగింది, రెండు రకాల మాత్రలు నడుస్తున్నాయి. స్లీప్ ఆప్నియా తేలికపడింది కానీ పోలేదు. మెట్లెక్కితే మోకాలు ఇంకా నొప్పే. చేతుల కింద, పొట్ట మీద చర్మం వేలాడుతోంది. అలా అవుతుందని ముందే చెప్పినా అద్దంలో చూసుకున్నప్పుడు బాధగానే ఉందన్నారు. రెండో ఏట ఐరన్ పడిపోయి సెలైన్‌లో ఎక్కించాల్సి వచ్చింది. మామూలుగా రావాల్సిన తేదీకి వచ్చారు కాబట్టే అది దొరికింది. మూడేళ్లలో ఆవిడ తప్పిన అపాయింట్‌మెంట్ ఒక్కటే.

ఈ కేసు తర్వాత మా దగ్గర మారినవి

సమ్మతి పత్రం ఇప్పుడు తెలుగులో ఉంది. శాతాలు మేము మాట్లాడుకునేటప్పుడే వాడుకుంటున్నాం. పేషెంట్‌కు కిలోల్లో, ఒక పరిధిగా, తర్వాత పెరిగేదాన్ని కూడా కలిపి చెబుతున్నాం. సపోర్ట్ గ్రూప్‌లో మాట్లాడటానికి నాలుగైదేళ్లు దాటినవాళ్లను, కొంత తిరిగి పెరిగినవాళ్లను ముందు పిలుస్తున్నాం. వివరించాక “మీ మాటల్లో చెప్పండి” అని అడగకుండా ఎవరి ఫైలు మీదా ‘సిద్ధం’ అని రాయడం లేదు.

ఒకటి మాత్రం ఈ కేసులో ఇప్పటికీ సరిపడలేదు. మూడో ఏడాది ఫాలోఅప్‌లో ఆవిడ రక్త పరీక్షల కాగితాలు చూపిస్తుండగా భర్త మెల్లగా అడిగారు, “మేడమ్, ఇంకోసారి ఆపరేషన్ చేస్తే 60కి వస్తుందా?” అని. ఆవిడ తల తిప్పి కిటికీ వైపు చూశారు. నాలుగు బరువులూ నేను ఆవిడ చేతే రాయించాను, ఆయన్ని అడగలేదు. రోజూ ఆ గిన్నె ముందు ఆవిడతో కూర్చునేది ఆయనే. ఆ రోజు కౌన్సెలింగ్ ఆయనతో మొదటి నుంచి మొదలుపెట్టాను. 118, 61, 57 అని లెక్క ఆయన చేతే వేయించాను. ఇప్పుడు కొత్తగా వచ్చేవాళ్ల నోట్‌బుక్‌లో నాలుగు బరువులకు రెండు నిలువు గళ్లు గీస్తున్నాం, ఒకటి పేషెంట్‌కు, ఒకటి వెంట వచ్చినవాళ్లకు. ఒకరిది ఒకరు చూడకుండా రాయమంటున్నాం.